అట్టేపెట్టిన జీతం



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో ఈ హాల్లో కూర్చున్న సగం మందికి నేను చెప్పక్కర్లేదు. ఆయన చేత అర్జీ రాయించుకోని ఇల్లు మిల్లు కాలనీలో లేదు. బయటి నుంచి వచ్చినవాళ్ల కోసం నాలుగు మాటలు చెబుతాను. ఆయన మా జూట్ మిల్లు కార్మిక సంఘం ఆఫీసులో 34 ఏళ్లు లెక్కలు రాశారు. అందరూ గుమస్తాగారు అనేవాళ్లు. తన పేరు మీద ఏదీ పెట్టొద్దని ఇంట్లోవాళ్లకి చెప్పి పోయారు. అందుకే ఆహ్వానపత్రం మీద ఆయన పేరు లేదు, రేపు అచ్చయ్యే ఈ చిన్న పుస్తకం మీదా ఉండదు. ఆయన బల్ల, ఇనప్పెట్టె మాత్రం వేదిక మీద పెట్టాం. ఆ పెట్టెలో ఏముందో చెప్పాలంటే ముందు మా నాన్న సంగతి చెప్పాలి.

నాన్న 1969 జూన్‌లో మిల్లులో బదిలీ కార్మికుడిగా చేరాడు. బదిలీ అంటే, ఎవరైనా రాకపోతే వాళ్ల స్థానంలో పని. పొద్దున్నే గేటు దగ్గర నిలబడితే పిలుస్తారు, లేకపోతే ఇంటికి రావాలి. నాన్నని మాత్రం దాదాపు రోజూ పిలిచేవాళ్లు. 1972 ఆగస్టులో పర్మినెంటు చేశారు. 1997 జూలైలో దిగిపోయాడు. అప్పటికి ఆయన బేసిక్, డీఏ కలిపి నెలకి 2,600 రూపాయలు. మిల్లువాళ్లు గ్రాట్యుటీ లెక్క కట్టి 36,000 అన్నారు. 24 ఏళ్ల సర్వీసు అట. మొదటి మూడేళ్లు బదిలీ కాబట్టి కలపలేదు. మధ్యలో 13 నెలల లాకౌట్ తీసేశారు.

నాన్న ఆ కాగితం మీద సంతకం పెట్టడానికి సిద్ధమయ్యాడు. ఆయన దృష్టిలో అది మిల్లు ఇస్తున్న డబ్బు. ఇస్తున్నవాళ్లతో బేరమాడడం మర్యాద కాదనుకున్నాడు. సంతకానికి ముందు ఎందుకో గుమస్తాగారికి చూపించాడు. ఆయన ఆ కాగితం చదివి, మడతపెట్టి, తన జేబులో పెట్టుకున్నారు. "ఇది వాళ్ల డబ్బు కాదు నాయనా. నీ జీతమే. వాళ్ల దగ్గర అట్టేపెట్టావు" అన్నారు. నాకప్పుడు పందొమ్మిదేళ్లు, ఆ మాట అన్నప్పుడు వరండాలో పక్కనే నిలబడి ఉన్నాను. నేను లా చదవడానికి కారణం ఆ మాటే. ఇన్నేళ్లుగా లేబర్ కోర్టులో నేను వాదిస్తున్నదీ అదే.

తరవాత ఆయన చేసిన పని చూడండి. లాకౌట్ సంగతి తేలిక. 1972 నాటి గ్రాట్యుటీ చట్టమే స్పష్టంగా చెప్పింది. జబ్బు, ప్రమాదం, సెలవు, లేఆఫ్, సమ్మె, లాకౌట్, కార్మికుడి తప్పు లేకుండా పని ఆగిపోవడం, వీటివల్ల సర్వీసు తెగదు. గేటుకి తాళం వేసింది మిల్లు, మా నాన్న కాదు. కష్టమంతా బదిలీ సంవత్సరాల దగ్గర వచ్చింది. ఏడాదిలో 240 రోజులు పని చేసినట్టు తేలితేనే ఆ ఏడాది సర్వీసులోకి వస్తుంది. బదిలీవాళ్లకీ ఇదే కొలత అని సుప్రీంకోర్టు 1981లో చెప్పింది. హాజరు మస్టరు మిల్లు చేతిలో ఉంది. పాతవి లేవన్నారు.

గుమస్తాగారు మా అమ్మని పిలిచి ఇంట్లో ఉన్న కాగితాలన్నీ తెమ్మన్నారు. అమ్మ బియ్యం డబ్బాలో గుడ్డ సంచి పెట్టి అందులో దాచింది. ఈఎస్ఐ కార్డు, దాని మీద 1969 నాటి తేదీ. ఏడాదికోసారి ఇచ్చే పీఎఫ్ స్లిప్పులు, అంచులు చెదలు కొట్టినవి. కార్డు తేదీ చేరిన సంగతి చెప్పింది. స్లిప్పుల్లో ఆ ఏడాది ఎంత పీఎఫ్ కోశారో ఉంది. కోత ఎంతో తెలిస్తే జీతం ఎంతో తెలుస్తుంది. జీతం తెలిస్తే, రోజు కూలితో భాగిస్తే రోజులు వస్తాయి. ఆయన ఒక్కో ఏడాదికీ అలా వెనక్కి లెక్క కట్టారు. మూడేళ్లలోనూ 240 దాటింది. 28 ఏళ్ల సర్వీసు నిలబడింది. 2,600ని 26తో భాగిస్తే రోజుకి 100, ఏడాది సర్వీసుకి పదిహేను రోజుల జీతం చొప్పున 1,500, ఇరవై ఎనిమిది ఏళ్లకి 42,000. లేబరాఫీసులో దరఖాస్తు పెట్టాక ఆలస్యానికి వడ్డీ కూడా వచ్చింది. పెరిగిన ఆరు వేలతో మా చెల్లి డిగ్రీలో చేరింది.

జబ్బు చేస్తే వైద్యం కోసం పుట్టిన ఈఎస్ఐ కార్డు, ముసలితనం కోసం పుట్టిన పీఎఫ్ స్లిప్పు, రెండూ కలిసి గ్రాట్యుటీకి సాక్ష్యం చెప్పాయి. ఈ హక్కులు ఒకదానికొకటి కాపు కాస్తాయి. ఒకటి ఎగ్గొట్టిన చోట మిగతావీ ఎగిరిపోతాయి. నా అనుభవంలో హక్కు చట్టంలో లేక పోయింది తక్కువ, చేరిన తేదీ కాగితం మీద లేక పోయిందే ఎక్కువ.

ఇక గుమస్తాగారు అన్న ఆ మాట సంగతి. గ్రాట్యుటీ అన్న పేరులోనే దాతృత్వం ఉంది. దయతలచి ఇచ్చేది, మెచ్చి ఇచ్చేది అని దాని మూలార్థం. బోనస్ కూడా అంతే. 1917లో బొంబాయి బట్టల మిల్లులు యుద్ధకాలపు లాభాల్లోంచి జీతం మీద పదోవంతు ఇచ్చినప్పుడు అది కానుకగానే మొదలైంది. కొన్నేళ్లకి ఆపేశారు. 1924లో కార్మికులు సమ్మె చేశారు. అప్పుడు వేసిన కమిటీ, చట్టప్రకారం అడిగే హక్కు వాళ్లకి లేదని తేల్చింది. ఆ హక్కు రాతపూర్వకంగా రావడానికి 1965 దాకా పట్టింది. ఇవాళ ఏడాదిలో 30 రోజులు పనిచేసిన, నెలజీతం 21,000 మించని ఉద్యోగికి, సంస్థకి లాభం లేకపోయినా కనీసం 8.33 శాతం బోనస్ ఉంది. 8.33 అంటే నూటిలో పన్నెండో వంతు.

గ్రాట్యుటీదీ అలాంటి దారే. యజమానులు ఇష్టమైతే ఇచ్చిన కాలం ఉంది. కార్మిక సంఘాలు ట్రిబ్యునళ్లలో ఒక్కొక్క పరిశ్రమకీ పోరాడి తెచ్చుకున్న కాలం ఉంది. 1960ల మొదట్లోనే సుప్రీంకోర్టు, అది ఊరికే ఇచ్చేది కాదు, దీర్ఘకాలపు సేవకి దక్కేది అని చెప్పింది. కేరళ 1970లో సొంత చట్టం చేసింది, పశ్చిమ బెంగాల్ మరుసటి ఏడు ఆర్డినెన్సు తెచ్చింది, ఆ తరవాత దేశమంతటికీ ఒకే చట్టం వచ్చింది. దానికి 1972 ఆగస్టు 21న రాష్ట్రపతి ఆమోదం దొరికింది. అప్పటి రాష్ట్రపతి వి.వి. గిరి. బరంపురంలో పుట్టిన తెలుగువారు, జీవితంలో పెద్ద భాగం రైల్వే కార్మికుల సంఘాల్లో గడిపినవారు. బ్యాంకు ఉద్యోగులకి ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పుని ప్రభుత్వం మార్చిందని 1954లో కేంద్ర కార్మికమంత్రి పదవి వదులుకున్నవారు. ఆ చట్టం మీద పడాల్సిన సంతకమే పడిందని నాకనిపిస్తుంది.

ఆ చట్టం గ్రాట్యుటీని అప్పులవాళ్లు కోర్టు ద్వారా జప్తు చేయకుండా కాపాడింది. యజమానితో ఉద్యోగి ఏ ఒప్పందం రాసుకున్నా, చట్టం చెప్పినదానికంటే తక్కువ ఇస్తే ఆ ఒప్పందం చెల్లదంది. ఉద్యోగం దిగిన 30 రోజుల్లో చెల్లించాలంది. ఉద్యోగి చనిపోయినా, అంగవైకల్యం వచ్చి పని చేయలేకపోయినా కనీసం అయిదేళ్లు పనిచేసి ఉండాలన్న నియమం వర్తించదంది. ఈ చివరిది చాలామంది విధవలకి తెలియదు. రెండేళ్లు పనిచేసి పోయిన కొడుకు తాలూకు గ్రాట్యుటీ ఉంటుందని తెలియక ఏళ్లు గడిచాక నా దగ్గరికి వచ్చిన తల్లులున్నారు.

నెలజీతాన్ని ఎంతతో భాగించాలన్న దాని మీద కూడా ఒక యుద్ధం జరిగింది. నెలకి 30 రోజులు కాబట్టి 30తో అన్నారు యజమానులు. వారానికో సెలవు పోతే పనిరోజులు 26, కాబట్టి 26తో అన్నారు కార్మికులు. 1980లో సుప్రీంకోర్టు 26 అంది, 1987 సవరణలో అది చట్టంలోకే ఎక్కింది. చిన్న తేడాలా కనిపిస్తుంది. 18,000 జీతం మీద 24 ఏళ్లకి 30తో భాగిస్తే 2,16,000. 26తో భాగిస్తే 2,49,230. ముప్ఫై మూడు వేల పైచిలుకు ఆ నాలుగు రోజుల్లో ఉంది. గుమస్తాగారు పిల్లలకి ఎక్కాలు నేర్పేటప్పుడు పదమూడో ఎక్కం ఎక్కువసార్లు చెప్పించేవారట. 26లో సగం పదమూడు కదా, లెక్కలో అది పనికొస్తుందని.

ఇప్పుడు మిల్లు లేదు. ఈ కాలనీ పిల్లలు హైదరాబాదులో, బెంగళూరులో అద్దాల మేడల్లో పనిచేస్తున్నారు. వాళ్లకి ఈ గోల పట్టదనుకుంటే పొరపాటు. పోయినేడు ఈ వీధి అమ్మాయే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇచ్చిన ఆఫర్ లెటర్ తెచ్చి నాకు చూపించింది. ఏడాదికి 6 లక్షలు, సీటీసీ, అంటే ఆమె మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. బేసిక్ నెలకి 20,000. కింద వరసలు చూశాను. యజమాని పీఎఫ్ వాటా, 15,000 పరిమితి మీద 12 శాతం చొప్పున ఏడాదికి 21,600. గ్రాట్యుటీ, 4.81 శాతం, అంటే 11,538. ఆ 4.81 ఎక్కడిదో మీకు ఇప్పుడు తెలుసు. పదిహేనుని ఇరవై ఆరుతో, దాన్ని పన్నెండుతో భాగిస్తే వచ్చేదే. గుమస్తాగారి లెక్కని తీసుకెళ్లి జీతం పెద్దదిగా కనబడడానికి వాడుకున్నారు.

ఆ అమ్మాయి మూడేళ్లకి ఉద్యోగం మారిపోతుంది, అక్కడ అందరూ అలాగే మారతారు. అయిదేళ్లు నిండలేదు కాబట్టి గ్రాట్యుటీ రాదు. మూడేళ్లలో ఆమె జీతమని లెక్కచెప్పిన 34,600 ఆమె చేతికి ఎన్నడూ రాదు. జీతానికి పైన ఉండాల్సినదాన్ని జీతంలోకి దించి, దించినదాన్నీ ఇవ్వకుండా ఉండడం ఇది. ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడు ఇలా లెక్క చూపడాన్ని చట్టం నిషేధించలేదు. కానీ పీఎఫ్ కట్టాల్సి వస్తోందన్న కారణంతో ఉన్న జీతాన్ని తగ్గించకూడదని 1952 నాటి పీఎఫ్ చట్టమే చెప్పింది. ఆ చట్టం చేసినవాళ్ల ఉద్దేశం స్పష్టం. యజమాని వాటా యజమాని జేబులోంచి రావాలి. ఆ ఉద్దేశానికి ఇవాళ సీటీసీ అనే మూడక్షరాలు అడ్డం పడుతున్నాయని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆఫర్ లెటర్లో చేతికొచ్చే జీతం ఒక వరసలో, చట్టం వల్ల యజమాని కట్టేది వేరే వరసలో ఉండి తీరాలని నియమం రావాలి.

జీతాన్ని ముక్కలు చేయడం ఇంకో దారి. బేసిక్ కొంచెం పెట్టి, మిగతాదంతా ఏవేవో అలవెన్సుల పేరుతో ఇస్తే పీఎఫ్ తగ్గుతుంది, గ్రాట్యుటీ తగ్గుతుంది. అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్సు బేసిక్‌లో భాగమేనని 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు ఇంకో అడుగు వేశాయి. మినహాయించే అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటినదంతా జీతం కిందే లెక్క. గ్రాట్యుటీ చట్టం కూడా సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి ఏడాది నిండితే చాలు, గ్రాట్యుటీ ఉంది. ఆ కోడ్‌లలో నాకు నచ్చని విషయాలు చాలా ఉన్నాయి, వాటి గురించి వేరే సభలో మాట్లాడాను. ఈ రెండూ మాత్రం మంచివి. వాటిని వాడుకోవడం మన పని.

ఎవరు ఉద్యోగి అన్న ప్రశ్న దగ్గరే చాలా హక్కులు ఆగిపోతాయి. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇంటి అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లని చూడండి. ఆకు, తంబాకు ఇంటికి తెచ్చుకుంటారు, చుట్టిన బీడీలు కంపెనీకి ఇస్తారు. ఫ్యాక్టరీ గడప తొక్కరు కాబట్టి వాళ్లు మా ఉద్యోగులు కారు, పీఎఫ్ లేదు అన్నాయి కంపెనీలు. ఇంట్లో కూర్చుని చుట్టినా ఉద్యోగులేనని సుప్రీంకోర్టు 1985లో చెప్పింది. బీడీ బాగా లేదని పక్కన పడేసే అధికారం కంపెనీకి ఉంటే, ఆ చేతి మీద అజమాయిషీ కూడా కంపెనీదే అన్నది అందులో కీలకం. తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకి జీవనభృతి ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, పీఎఫ్ ఉన్నవాళ్లకే అంది. పీఎఫ్ నంబరు లేకుండా ముప్ఫై ఏళ్లు చుట్టిన అక్కచెల్లెళ్లు ఆ వరసలో నిలబడలేకపోయారు. ఒక హక్కు ఎగిరిపోతే ఇంకోటి ఎగిరిపోతుందన్నది ఇదే.

టీచర్లది ఇంకో కథ. చదువు చెప్పడం నైపుణ్యం ఉన్న పనీ కాదు, లేని పనీ కాదు, గుమస్తా పనీ కాదు, కాబట్టి చట్టంలో చెప్పిన ఉద్యోగి నిర్వచనంలోకి రారని 2004లో తీర్పు వచ్చింది. పార్లమెంటు 2009లో నిర్వచనం మార్చి, 1997 ఏప్రిల్ నుంచే వర్తిస్తుందంది. ప్రైవేటు స్కూళ్లు దాన్నీ కోర్టులో ప్రశ్నించాయి. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందని చెప్పింది. అదే ఏడు ఏప్రిల్‌లో, గుజరాత్ నుంచి వచ్చిన కేసులో, అంగన్‌వాడీ కార్యకర్తలకీ ఆయాలకీ కూడా గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది. వాళ్లకి ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం అన్న వాదన అక్కడ నిలబడలేదు.

ఆ తీర్పు వచ్చాక కూడా ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ అక్కలు 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు రోడ్ల మీద కూర్చోవాల్సి వచ్చింది. వాళ్ల డిమాండ్లలో గ్రాట్యుటీ ఒకటి. ఆ చలిలో వాళ్ల శిబిరానికి నేను నాలుగుసార్లు వెళ్లాను. ముప్ఫై ఏళ్లుగా ఊళ్లో ప్రతి పసిబిడ్డ బరువూ రాసిన చేతులవి. తమ సర్వీసు ఎన్నేళ్లో రాసిన కాగితం మాత్రం చాలామంది దగ్గర లేదు. ఒకామె తను చేరిన సంవత్సరాన్ని, ఆ ఏడు ఊళ్లో పుట్టిన పిల్లల పేర్లతో గుర్తుపెట్టుకుంది.

మున్సిపాలిటీల్లో, ఆస్పత్రుల్లో కాంట్రాక్టు కింద ఊడ్చేవాళ్లకి ఏడాదికి పదకొండు నెలలు పని ఇచ్చి, కొన్నాళ్లు బ్రేక్ పెట్టి మళ్లీ తీసుకుంటారు. బ్రేక్ పెడితే సర్వీసు తెగిపోతుందని వాళ్లకి చెబుతారు, వాళ్లు నమ్ముతారు. ఏడాదిలో 240 రోజులు నిండిన మనిషికి ఆ బ్రేక్ అడ్డం కాదు. కాంట్రాక్టరు పీఎఫ్ కట్టకపోతే పని చేయించుకున్న సంస్థే కట్టాలి. యూఏఎన్, అంటే ఉద్యోగికి శాశ్వతంగా ఉండే పీఎఫ్ నంబరు, వచ్చాక ఒక మేలు జరిగింది. కాంట్రాక్టరు మారినా నంబరు ఒకటే ఉంటుంది, ఏ నెల ఎంత పడిందో ఫోన్‌లోనే కనబడుతుంది. మా అమ్మ బియ్యం డబ్బాలో దాచినది ఇప్పుడు ఫోన్‌లో ఉంది. కాకపోతే చాలామందికి ఆ నంబరుకి ముడిపెట్టింది మేస్త్రీ ఫోన్. ఆ ఒక్క సంగతి సరిచేయడానికే మా ఆఫీసులో వారానికి ఒక రోజు పోతోంది.

ఈఎస్ఐ గురించి ఎక్కువ చెప్పను. జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకి జీతంలోంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం. హైదరాబాదులో సనత్‌నగర్ ఆస్పత్రి దగ్గర పొద్దున్నే ఓపీ చీటీ కోసం నిలబడేవాళ్లు ధర్మాసుపత్రికి వచ్చినవాళ్లు కారు. ప్రతి నెలా చందా కట్టినవాళ్లు. అక్కడి సిబ్బందీ, వరసలో ఉన్నవాళ్లూ ఇద్దరూ అది గుర్తుంచుకుంటే సగం గొడవ తగ్గుతుంది. ప్రసూతి సెలవు 2017 నుంచి 26 వారాలు. పెళ్లయిందని చెప్పగానే ఉద్యోగం ఇవ్వని చోట ఆ 26 వారాలు ఎవరికి దక్కుతాయన్నది విడిగా మాట్లాడాల్సినంత పెద్ద విషయం.

ఒక్కటి మాత్రం చెప్పి తీరాలి. పీఎఫ్ సభ్యుడు ఉద్యోగంలో ఉండగా చనిపోతే, పీఎఫ్ సొమ్ము, పెన్షన్ కాకుండా బీమా ఉంది. దానికి ఉద్యోగి జీతంలోంచి పైసా కోయరు, యజమానే కడతాడు. 1976 నుంచీ ఉంది. ఇవాళ గరిష్ఠం 7 లక్షలు. దీని పేరు కూడా వినని కుటుంబాలే నాకు ఎక్కువ తగిలాయి. దినకర్మలకి అప్పు చేసి, ఆ అప్పుకి స్థలం అమ్మి, రెండేళ్లకి వచ్చి అమ్మా ఏదైనా వస్తుందా అని అడుగుతారు. నామినేషన్ నింపి ఉంటే నెలల్లో వచ్చేది, వారసత్వ పత్రాల కోసం తిరగడంతో ఏళ్లు పడుతుంది.

ఇనప్పెట్టెలో ఏముందో చెబుతానన్నాను. 61 నోటు పుస్తకాలు. మిల్లులో పనిచేసిన ప్రతి ఒక్కరికీ ఒక పేజీ. టోకెన్ నంబరు, చేరిన తేదీ, డిపార్టుమెంటు, భార్య లేదా భర్త పేరు, నామినీ. లాకౌట్ మొదలైన రోజు, ముగిసిన రోజు. పీఎఫ్ స్లిప్పు వచ్చిన ప్రతి ఏడాదీ ఆ మొత్తం. మిల్లు మూసేసినప్పుడు కంపెనీ రికార్డు దొరకలేదు. లేబరాఫీసులో బకాయిల కేసు నడిచింది ఈ పుస్తకాల మీదే. సంఘం అధ్యక్షులు చాలామంది మారారు, వాళ్లలో ఎమ్మెల్యే అయినవాళ్లూ ఉన్నారు. ఈ పుస్తకాలు రాసిన మనిషి మాత్రం సైకిల్ మీదే తిరిగారు. చివరి పుస్తకంలో చివరి పేజీ ఆయనదే. తన చేరిక తేదీ రాసుకున్నారు, నామినీ గడిలో భార్య పేరు రాసుకున్నారు. సంఘం ఆఫీసులో పదిమంది ఉద్యోగులు లేరు కాబట్టి గ్రాట్యుటీ వర్తించదని పక్కన తన చేతిరాతతోనే ఉంది.

ఆయన పద్ధతి ప్రకారం మాట్లాడేది గంట దాటకూడదు. వరండాలో మూడు బల్లలు వేశాం. మా ఆఫీసు జూనియర్లు ముగ్గురూ రాత్రి తొమ్మిది దాకా ఉంటారు. పీఎఫ్ పాస్‌బుక్, ఈఎస్ఐ కార్డు, ఆఫర్ లెటర్, పాత స్లిప్పు, ఏది ఉంటే అది తీసుకెళ్లండి. ఏదీ లేనివాళ్లు కూడా వెళ్లండి, చేరిన తేదీ చెబితే రాసుకుంటారు, అరవై రెండో పుస్తకం మొదలుపెట్టాం. అంగన్‌వాడీ అక్కలకి ఎనిమిదింటి బస్సు ఉంది, వాళ్లని ముందు పోనివ్వండి.